నిబద్ధత ఎవరికి? 1973 నాటి ఒక ఖాళీ కుర్చీ కథ

ఆ మధ్య ఒక సాహిత్య పాఠశాలలో నన్ను ‘నిబద్ధత’ గురించి మాట్లాడమన్నారు. తెలుగు ఎం.ఏ. చదివి బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఈ మాట మీద గంటసేపు మాట్లాడటం నాకు కష్టం కాదు. రచయిత నిబద్ధుడైతే చాలునా, నిమగ్నుడు కూడా కావాలా అని మన పత్రికల్లో ఒకప్పుడు సాగిన చర్చంతా అప్పజెప్పాను. ముగించి కూర్చోబోతుంటే వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. “మాస్టారూ, ఆ రోజుల్లో ఈ మాట రచయితలకే కాదు, జడ్జీలకూ వాడాం. వాడినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి మీరెవరూ ఎత్తరేం?” అన్నారు.

నాకు జవాబు తోచలేదు. 1973 నాటికి నేను పుట్టనే లేదన్నది జవాబు కాదు గదా. ఆ తర్వాత కొన్నాళ్లు పాఠశాల పని అయ్యాక చదివిన చదువు ఫలితం ఈ వ్యాసం. నేను న్యాయశాస్త్రం ఎరిగినవాణ్ణి కాను. కానీ ఒక మాట ఎవరి నోట పుట్టి, ఎవరి చేతుల్లో పడి, చివరికి ఏ పనికి వచ్చిందో చూడటం విమర్శకుడి పనే.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. 1973లో అభ్యుదయవాదులకు న్యాయస్థానం మీద ఉన్న కోపం అకారణమైనది కాదు. జమీందారీ రద్దు చట్టాల నాటినుంచీ ఆస్తి హక్కు పేరుతో కోర్టులు అడ్డం తిరుగుతూనే ఉన్నాయి. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ పుట్టిందే అందువల్ల. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేనేలేదన్నది. పదకొండుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరొకవైపు. కోర్టుకెక్కినవారు పంజాబులో ఐదువందల ఎకరాలకు పైగా ఉన్న కుటుంబంవారు. తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఆ తీర్పు వచ్చిన రెండు నెలలు తిరక్కుండానే ఆయన పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికకు నిలబడి, జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయాడు. న్యాయపీఠం మీదినుంచి రాజకీయాల్లోకి తిన్నగా మెట్లున్నాయని జనానికి చూపించినవాడు మొదట మనవాడేనని చెప్పుకోక తప్పదు.

తర్వాత 1969లో పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేస్తే 1970 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని పదిమంది న్యాయమూర్తులు కొట్టేశారు. సరేనన్నవాడు ఒక్కడే, అజిత్‌నాథ్ రే. అదే ఏడాది డిసెంబరులో రాజభరణాల రద్దు కూడా చెల్లదన్నారు. అక్కడా రే ప్రభుత్వ పక్షానే తన అసమ్మతి తీర్పు రాశాడు. సంస్థానాధీశుల భరణాలు కాపాడటానికి కోర్టు ముందుకు రావడం చూసి ఏ అభ్యుదయ రచయిత ఊరుకుంటాడు? 1971 ఎన్నికల్లో ‘గరీబీ హఠావో’ గెలిచింది. 24, 25, 26 సవరణలు వచ్చాయి. ఈ మలుపులో పుట్టిన మాట ‘నిబద్ధ న్యాయవ్యవస్థ’.

కేరళలో కాసరగోడు దగ్గర ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి భూసంస్కరణల చట్టంమీద వేసిన కేసును పదముగ్గురు న్యాయమూర్తులు 68 రోజులు విన్నారు. 1973 ఏప్రిల్ 24న తీర్పు వచ్చింది. ఏడుగురు, ఆరుగురుగా చీలిపోయారు. ప్రాథమిక హక్కులతో సహా రాజ్యాంగంలో ఏ భాగాన్నైనా పార్లమెంటు సవరించవచ్చు, కాని దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు అన్నది సారాంశం. మన హైదరాబాదు వాడైన పి. జగన్మోహన్ రెడ్డి కూడా ఆ ఏడుగురిలో ఉన్నాడు. తీర్పు సారాంశాన్ని ఒక కాగితం మీద రాస్తే తొమ్మండుగురు సంతకం చేశారు. చెయ్యనివారు నలుగురు: రే, మాథ్యూ, బేగ్, ద్వివేది. ఈ నలుగురిలో రెండు పేర్లు పాఠకులు గుర్తుంచుకోవాలి.

ప్రధాన న్యాయమూర్తి సిక్రీ పదవీకాలం అప్పటికి పూర్తికావస్తోంది. తర్వాత కూర్చోవలసింది సీనియారిటీ ప్రకారం షెలత్, ఆయన తర్వాత హెగ్డే, ఆపైన గ్రోవర్. ముగ్గురూ ప్రభుత్వానికి రుచించని ఆ ఏడుగురిలోనివారే. 25న ప్రకటన వెలువడింది. ముగ్గురినీ దాటి నాలుగోవాడైన రేను నియమించారు. 26న రే ప్రమాణం చేశాడు, ఆ ముగ్గురూ రాజీనామాలిచ్చారు. తీర్పుకీ నియామకానికీ మధ్య ఒక్క రోజు.

రాజ్యాంగంలో ఎక్కడా ‘అందరికన్నా సీనియరే ప్రధాన న్యాయమూర్తి కావాలి’ అని లేదు. అది ఆనవాయితీ మాత్రమే. 1964లో జాఫర్ ఇమాంను దాటి గజేంద్రగడ్కర్‌ను నియమించారు గాని, దానికి కారణం ఇమాం అనారోగ్యం. పైగా 1958లో సెతల్వాద్ అధ్యక్షతన లా కమిషన్ స్వయంగా సీనియారిటీ ఒక్కటే చాలదు, సమర్థత చూడాలని చెప్పింది. 1973లో ప్రభుత్వం ఈ సిఫార్సునే పైకి తీసి దుమ్ము దులిపింది. పదిహేనేళ్లు బీరువాలో ఉన్న కాగితం సరిగ్గా ఆ రోజునే పనికిరావడంలో ఉంది వ్యూహమంతా.

ఇక లెక్క చూడండి. సుప్రీంకోర్టు న్యాయమూర్తికి 65 ఏళ్లతో పదవి ముగుస్తుంది. అందుచేత ఎవరు ఎప్పుడు దిగిపోతారో ముందే తెలుసు. షెలత్ అయితే 1973 జూలై వరకు, హెగ్డే 1974 జూన్ వరకు, గ్రోవర్ 1977 ఫిబ్రవరి వరకు ఉండేవారు. రే 1977 జనవరి 28న దిగిపోవాలి. అంటే ఆనవాయితీ సాగితే రే ఎన్నటికీ ప్రధాన న్యాయమూర్తి కాడు. ఒక్కరిని దాటినా, ఇద్దరిని దాటినా కాడు. ముగ్గుర్నీ దాటవలసిందే. దాటితే మూడేళ్ల తొమ్మిది నెలలు చేతికొస్తాయి. మా బడిలో టైంటేబులు వేసే మాస్టారికి కూడా ఇంత శ్రద్ధ ఉండదు.

ఈ పనిని పార్లమెంటులో గట్టిగా సమర్థించినవాడు న్యాయశాఖ మంత్రి గోఖలే కన్నా ఎక్కువగా ఉక్కు, గనుల మంత్రి మోహన్ కుమారమంగళం. జమీందారీ కుటుంబంలో పుట్టి, కమ్యూనిస్టు పార్టీలో పనిచేసి, మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా ఉండి కాంగ్రెసులోకి వచ్చినవాడు. న్యాయమూర్తి నిజాయితీ, పాండిత్యమే కాదు, అతని దృక్పథం, జీవిత తాత్త్వికత కూడా చూసుకునే హక్కు ప్రభుత్వానికి ఉందని ఆయన వాదించాడు. నెల తిరిగేలోగా మే 31న ఢిల్లీ దగ్గర విమాన ప్రమాదంలో మరణించాడు. తన వాదం ఎక్కడికి దారితీసిందో చూడలేదు.

ఆ వాదంలో సగం నిజం ఉంది. న్యాయమూర్తి ఆకాశంనుంచి ఊడిపడడు. ఏ వర్గంనుంచి వచ్చాడో ఆ వర్గపు చూపు అతని తీర్పులో ఉంటుంది. సాహిత్యంలో మనం చెప్పేది ఇదే. విశాఖపట్నంలో ప్లీడరీ చేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ రాసింది కోర్టు వరండాల్లో ఈ సత్యాన్ని రోజూ చూసి గనకనే. అందుకే 1973లో మనవాళ్లకు ‘నిబద్ధ న్యాయవ్యవస్థ’ అనే మాట సొంత మాటలా వినిపించింది. కాని ‘నిబద్ధుడు’ అన్నప్పుడు దేనికి అన్న ప్రశ్న రావాలి. మనం రచయితను ప్రజలకు నిబద్ధుడు కమ్మన్నాం. ప్రభుత్వం న్యాయమూర్తిని దేనికి నిబద్ధుడు కమ్మన్నట్టు?

దీనికి జవాబు తీర్పులోనే ఉంది. మనలో చాలామంది గమనించని సంగతి, నేనూ మొన్నటిదాకా గమనించని సంగతి ఇది: కేశవానంద భారతి కేసులో భూసంస్కరణలు ఓడిపోలేదు. గోలక్‌నాథ్ తీర్పు రద్దయిపోయింది. కేరళ భూచట్టాలకు రక్షణ కల్పించిన 29వ సవరణ నిలిచింది. భూస్వామి చేతిలోని పెద్ద ఆయుధం 24వ తేదీనే జారిపోయింది. మరి 25న ఇంకా ఏ అడ్డు తొలగించడానికి ముగ్గుర్ని దాటారు? మిగిలిన అడ్డు ఒక్కటే, పార్లమెంటుకు కూడా కొన్ని హద్దులుంటాయన్న మాట. దున్నేవాడికి భూమి రావడానికి ఆ మాట అడ్డు కాదు. మన రాష్ట్రంలోనే చూస్తే, 1973లో చేసిన భూపరిమితి చట్టం 1975 జనవరి 1న గాని అమలులోకి రాలేదు. ఆ ఆలస్యం జరిగింది శాసనసభకూ సచివాలయానికీ మధ్య.

కుర్చీకి ఎందుకంత విలువ? ధర్మాసనం మీద ప్రధాన న్యాయమూర్తి ఓటు కూడా ఒక్క ఓటే. కాని ఏ కేసు ఏ న్యాయమూర్తుల ముందుకు వెళ్లాలో నిర్ణయించేది ఆయన. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్నది. 25న అత్యవసర పరిస్థితి వచ్చింది. ప్రధాని ఎన్నికను కోర్టులు విచారించకూడదంటూ ఆగస్టులో 39వ సవరణ తెచ్చారు. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆమె ఎన్నికను నిలిపింది గాని, కోర్టుల చేతులు కట్టేసే ఆ భాగాన్ని మౌలిక స్వరూపం పేరుతోనే కొట్టేసింది. మూడు రోజులు తిరిగేసరికి, నవంబరు 10న, కేశవానంద తీర్పును తిరగదోడటానికి రే మళ్లీ పదముగ్గురిని కూర్చోబెట్టాడు. అసలు పునర్విచారణ ఎవరు కోరారన్న ప్రశ్నకు సరైన సమాధానం లేదు. పాల్ఖీవాలా వాదించాడు. రెండు రోజులు గడిచాక రే తానే ఆ ధర్మాసనాన్ని రద్దు చేశాడు. అంటే కుర్చీ చేతిలో ఉన్నంత మాత్రాన అన్నీ జరగవు. ఇది కూడా రాసుకోవాలి.

1976 ఏప్రిల్ 28న మాత్రం జరిగింది. మీసా కింద నిర్బంధించినవారు హెబియస్ కార్పస్ పిటిషను వేసుకోవచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. వీల్లేదని సుప్రీంకోర్టు అన్నది. రే, బేగ్, వై.వి. చంద్రచూడ్, భగవతి ఒకవైపు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడూ ఒకవైపు. పోలీసు ఒకడు సొంత పగతో మనిషిని చంపితే అప్పుడూ దిక్కు లేదా అని ఖన్నా అడిగితే, అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం లేదని అటార్నీ జనరల్ నిరేన్ దే జవాబిచ్చాడు. బేగ్ తన తీర్పులో నిర్బంధితులపట్ల ప్రభుత్వం చూపే శ్రద్ధ దాదాపు తల్లి ఆలన లాంటిదని రాశాడు. ఉపమానాల గురించి పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. ఇంత సిగ్గులేని ఉపమానం నేను చదవలేదు. మన తెలుగు రచయితలు ఎందరో ఆ నెలల్లో ఆ తల్లి ఒడిలో, అంటే జైళ్లలో, ఉన్నారు.

ఇదే కాలంలో పదహారుమంది హైకోర్టు న్యాయమూర్తులను ఊళ్లు మార్చారు. గుజరాతునుంచి సంకల్‌చంద్ సేథ్‌ను మన రాష్ట్రానికి పంపారు, ఆయన దానిమీద కేసు వేశాడు. మన హైకోర్టునుంచి ఓ. చిన్నపరెడ్డిని పంజాబుకు పంపారు. ఈ పేరు దగ్గర కొంచెం ఆగాలి. ‘సమాన పనికి సమాన వేతనం’ సూత్రానికి 1982లో రాజ్యాంగబలం ఇచ్చిన తీర్పు రాసినవాడు, జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలుచున్న పిల్లల్ని బడినుంచి తీసెయ్యడం తప్పని 1986లో చెప్పినవాడు ఈయనే. పేదల పక్షాన నిలిచే న్యాయమూర్తే ప్రభుత్వానికి కావలసివస్తే, ఆ మనిషి హైదరాబాదులోనే ఉన్నాడు. ఆయనకు దక్కింది బదిలీ.

1977 జనవరిలో రే దిగిపోయాడు. వరస ప్రకారం ఖన్నా రావాలి. ఆయనకు ఉన్నవి ఆరు నెలలు కూడా కావు. ఆ కాస్తా ఇవ్వక, సంతకం చెయ్యని నలుగురిలో రెండో పేరు బేగ్‌ను కూర్చోబెట్టారు. ఖన్నా రాజీనామా చేశాడు. అసమ్మతి తీర్పు చెప్పబోయే ముందే ఇది తనకు ప్రధాన న్యాయమూర్తి పదవి లేకుండా చేస్తుందని చెల్లెలితో అన్నట్టు ఆత్మకథలో రాసుకున్నాడు. 1973లో మూడు పేర్లను దాటడానికి తాత్త్విక చర్చ కావలసివచ్చింది. 1977లో చర్చ కూడా అక్కర్లేకపోయింది, దారి అప్పటికే పడింది గనక.

ఆ దారి వేసినప్పుడు మనవాళ్లు చప్పట్లు కొట్టారు. అత్యవసర పరిస్థితిని సమర్థించడం తప్పని భారత కమ్యూనిస్టు పార్టీ 1978 భటిండా మహాసభలో ఒప్పుకుంది. రాజకీయ పార్టీ చెయ్యగలిగిన ఆత్మవిమర్శను సాహిత్య విమర్శ చెయ్యలేదు. నిబద్ధత మీద మన వ్యాసాలు ఎన్ని తిరగేసినా ఈ 1973 ప్రస్తావన నాకు దొరకలేదు.

ఈ వ్యాసం చిత్తుప్రతి తీసుకుని ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని అంతా నిదానంగా చదివారు. “బాగానే ఉంది గాని మాస్టారూ, 1978 ఎందుకు వదిలేశారు?” అన్నారు. ఆయన అడుగుతున్నది నాకు అర్థమైంది. జనతా ప్రభుత్వం వచ్చి ఆనవాయితీని తిరిగి నిలబెట్టింది. నిలబెడితే కుర్చీలో కూర్చున్నది చంద్రచూడ్, 1976లో ఆ నలుగురిలో ఒకడు. ఆ తీర్పును తప్పని కోర్టు స్పష్టంగా కొట్టెయ్యడానికి 2017 దాకా పట్టింది. కొట్టేసిన తీర్పు రాసినవారిలో ఆయన కొడుకు ఉన్నాడు. ఈలోగా 1993లో నియామకాలలో పైచెయ్యి న్యాయమూర్తులే తీసుకున్నారు. దాన్ని మార్చబోయిన చట్టాన్ని 2015లో వాళ్లే కొట్టేశారు. కొలీజియం తలుపులు మూసుకుని కూర్చుంటుంది, ప్రభుత్వం నచ్చని పేర్లను దగ్గర పెట్టుకుని కూర్చుంటుంది.

“సీనియారిటీ మంచిదంటారా, కాదంటారా?” అని అడిగారు పెద్దాయన. నేను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. “మీరు రాసింది అచ్చులో వచ్చాక ఒక కాపీ తెచ్చివ్వండి. అప్పుడు నేను సంతకం పెట్టిన కరపత్రం వెతికి ఇస్తాను” అన్నారు.