ఏజెంటు, బ్రోకరు – ఒక గుమాస్తా జ్ఞాపకాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. నాకు తెలిసిన విద్య ఫైలు మీద నోటు పెట్టడమే. అయినా ఈ మధ్య మా యింట్లో జరిగిన ఒక వాదన వల్ల ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా మనవడికి హైదరాబాదులో ఇన్సూరెన్స్ బ్రోకింగ్ సంస్థలో ఉద్యోగం వచ్చింది. "పెళ్ళిచూపుల్లో బ్రోకరని చెప్పకురా నాయనా, ఆఫీసరని చెప్పు" అని మా ఇంటావిడ గోల. స్థలాల బ్రోకరు, పెళ్ళిళ్ళ బ్రోకరు తప్ప మనవాళ్ళకు మరో బ్రోకరు తెలియడు. వాడేమో, "తాతయ్యా, ఏజెంటు కంపెనీ మనిషి, బ్రోకరు పాలసీదారు మనిషి" అన్నాడు. ఆ మాట వినగానే నాకు 1981 గుర్తుకొచ్చింది.

మనలో చాలామందికి బీమా అంటే మొదట పే బిల్లులో కోతే. నిజాం ప్రభుత్వం 1907లో ఉద్యోగులకు పెట్టిన కుటుంబ పింఛను నిధి, 1913లో బీమా నిధిగా మారింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అదే మనందరి జీతాల్లోకి వచ్చింది. దానికి ఎవరూ ఇంటి చుట్టూ తిరగనక్కరలేదు.

తిరిగేవాళ్ళు బయటి కంపెనీల వాళ్ళు. 1925లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ స్థాపించారు. దేశంలో ఇలాంటివి ఎన్నో లేచాయి, కొన్ని పడ్డాయి. 1938 చట్టం ఏజెంటు కమీషనుకు హద్దు పెట్టింది, అందులో వాటా పాలసీదారుకు ఇవ్వరాదంది. ఆ నిషేధం ఎంత బాగా అమలైందో పాఠకులకు తెలియనిది కాదు. మొదటి ప్రీమియం ఏజెంటే కట్టాడని మురిసిపోయిన వారిలో నేనూ ఒకణ్ణి. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థలను కలిపి జీవిత బీమా సంస్థ ఏర్పాటు చేశారు.

ఇక 1981 సంగతి. మా సెక్షనులో ఒక అటెండరుండేవాడు. నాకు తెలిసిన ఏజెంటును నేనే అతనికి పరిచయం చేసి పాలసీ కట్టించాను. మూడు నెలలకోసారి జీతాల రోజున ప్రీమియం ఏజెంటు చేతిలో పెట్టేవాడు. రసీదు అడిగేంత ధైర్యం అతనికి లేదు, అడగమని చెప్పే తెలివి నాకు లేదు. రెండేళ్ళు తిరక్కుండానే బస్సు ప్రమాదంలో పోయాడు. తీరా చూస్తే చివరి రెండు వాయిదాలు జమ కాలేదు, పాలసీ రద్దయింది. మూడేళ్ళు నిండలేదు గనుక పెయిడప్ విలువ కూడా లేదు. "మీరు చెప్పారనే కదా బాబూ కట్టాం" అంది అతని భార్య. సెక్షనంతా చందాలు వేసుకుని ఇచ్చాం. అది ఏ మూలకు?

ఏజెంటు చేతికిస్తే కంపెనీకి ఇచ్చినట్టేనని నేననుకున్నాను. ఏజెంటుకు ప్రీమియం వసూలు చేసే అధికారం లేదని, కనుక అలా ఇచ్చినది సంస్థకు కట్టినట్టు కాదని 1997లో ఇలాంటి తగాదాలోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కంపెనీ మనిషే, కానీ డబ్బు పుచ్చుకునేంత మనిషి కాదన్నమాట!

మల్హోత్రా కమిటీ 1994లో నివేదిక ఇచ్చాక, 1999లో నియంత్రణ సంస్థ చట్టం వచ్చింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. బ్రోకర్లకు నిబంధనలు 2002లో వచ్చాయి. గొడుగు, సంచీ పట్టుకుని మొదలుపెట్టే పని కాదిది. సంస్థకు అప్పట్లో యాభై లక్షల మూలధనం ఉండాలన్నారు, 2018లో దాన్ని 75 లక్షలు చేశారు. శిక్షణ పొంది, పూణేలోని నేషనల్ ఇన్సూరెన్స్ అకాడెమీ పరీక్ష ప్యాసు కావాలి. నాలుగు కంపెనీల పాలసీలు పోల్చి చూపాలి, క్లెయిములో పాలసీదారు పక్షాన నిలబడాలి. తన పొరపాట్ల వల్ల కలిగే నష్టానికి బ్రోకరు కూడా బీమా చేసుకోవాలట. ఇది నాకు నచ్చింది.

నచ్చనిది ఒకటుంది. పాలసీదారు మనిషే గాని, బ్రోకరేజి ఇచ్చేది కంపెనీ. జీతమిచ్చేవాడి వైపు చూడని గుమాస్తాను నేను నా సర్వీసులో చూడలేదు. ఆ మాటే అంటే మనవడు నవ్వి ఊరుకున్నాడు.

ఆ అటెండరు కొడుకు ఇప్పుడు మా ఊళ్ళోనే మెకానిక్ షాపు నడుపుతున్నాడు. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా తీసుకుంటానని, మీ మనవణ్ణి ఒకసారి పంపమని కబురు చేశాడు. వచ్చే ఆదివారం నేనూ వెంట వెళుతున్నాను. ప్రీమియం అతని బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కంపెనీకే పోవాలని, రసీదు వాళ్ళమ్మ చేతిలో పెట్టాకే కాఫీ తాగాలని మనవడికి ముందే చెప్పాను.