శూన్యానికి రెండు సంఖ్యలు

దోహా శివార్లలోని బర్వా అల్ బరాహా కార్మికుల నివాసాల సముదాయం. అక్కడ డిష్‌ను నైరుతికి తిప్పి పైకెత్తితే ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2 దొరుకుతుంది. 2018 నవంబర్‌లో ఎగిరిన ఆ ఉపగ్రహానికీ డిష్‌కూ మధ్య దూరం సుమారు 37 వేల కిలోమీటర్లు. అందులో దాదాపు అంతా శూన్యమే. అయినా సంకేతం 0.12 సెకనులో దిగుతుంది. అంతకన్నా ముందు ఎందుకు రాదో చెప్పేవి రెండు స్థిరాంకాలు.

ఎప్సిలాన్ నాట్: శూన్యపు పర్మిటివిటీ, మీటరుకు 8.854 × 10⁻¹² ఫారడ్లు. ఆవేశాల మధ్య బలాన్ని చెప్పే కూలుంబ్ సూత్రంలో ఇది హారంలో కూర్చుంటుంది. కాబట్టి పర్మిటివిటీ పెరిగితే ఆవేశాల మధ్య బలం తగ్గుతుంది. నీటిలో అది శూన్యానికి దాదాపు 80 రెట్లు. ఉప్పులోని అయాన్లు నీళ్లలో అంత సులువుగా విడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. గాలిలో పెరుగుదల పదివేలకు ఆరు వంతులే, లెక్కల్లో వదిలేస్తాం.

మ్యూ నాట్: శూన్యపు పెర్మియబిలిటీ, విద్యుత్తు పారే తీగల మధ్య బలాన్ని నిర్ణయించేది. మీటరు ఎడంగా ఉన్న రెండు పొడవాటి తీగల్లో ఒక్కో ఆంపియర్ పారితే మీటరు పొడవుకు 2 × 10⁻⁷ న్యూటన్ల బలం. ఒకప్పుడు ఆంపియర్‌కు నిర్వచనమే ఇది. అందుకే మ్యూ నాట్ కచ్చితంగా 4π × 10⁻⁷గా ఉండేది. 2019 మే 20 నుంచి ఆంపియర్‌ను ఎలక్ట్రాన్ ఆవేశంతో ముడిపెట్టారు. ఇప్పుడు మ్యూ నాట్ కొలిచి తెలుసుకోవలసిన విలువ. పాత విలువతో తేడా వంద కోట్లలో ఒక వంతు కూడా లేదు.

శూన్యం: ఏమీ లేనిచోటుకు గుణం ఎక్కడిదని విద్యార్థులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నా దృష్టిలో ఆ రెండు అంకెల్లో చాలా భాగం మన ప్రమాణాలు తెచ్చిపెట్టిందే. గౌసియన్ ప్రమాణాల పద్ధతిలో రాస్తే రెండూ మాయమవుతాయి, కాంతి వేగం మాత్రం నిలుస్తుంది.

లబ్ధం: రెండింటినీ గుణించి, వర్గమూలం తీసి, ఒకటిని దానితో భాగిస్తే సెకనుకు 29,97,92,458 మీటర్లు. 1856లో వెబర్, కోల్‌రౌష్ లైడన్ జాడీలో (ఆవేశాన్ని నిల్వచేసే పాత్రలో) ఉన్న ఆవేశాన్ని స్థిర విద్యుత్ ప్రమాణాల్లోనూ, విద్యుదయస్కాంత ప్రమాణాల్లోనూ కొలిచారు. వాళ్లు కొలిచింది కాంతిని కాదు. అయినా ఆ రెండు కొలతల నిష్పత్తిలోంచి సెకనుకు సుమారు 3,10,000 కిలోమీటర్ల వేగం తేలింది. 1849లో ఫిజో కొలిచిన కాంతి వేగానికి అది ఎంత దగ్గరో గమనించి, కాంతి విద్యుదయస్కాంత తరంగమేనని తేల్చినవాడు మాక్స్‌వెల్. ఈ కథలో అసలు మలుపు అదే.

నిష్పత్తి: మ్యూ నాట్‌ను ఎప్సిలాన్ నాట్‌తో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 377 ఓమ్‌లు. ఆంటెన్నాలు రూపొందించేవాళ్లకు కంఠస్థమైన సంఖ్య. ఓమ్‌లన్నారు కదా అని శూన్యం వేడెక్కదు. తరంగంలో విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఏ పాళ్లలో కలిసి నడుస్తాయో మాత్రమే అది చెబుతుంది.