పూర్వ విద్యార్థులు పెంచిన ఆట: రగ్బీ చరిత్ర నుంచి మన సంఘానికి మూడు మాటలు

మన మెట్ట ప్రాంతంలో రగ్బీ ఆట తెలిసినవారు తక్కువ. జగ్గయ్యపేటలోగాని నందిగామలోగాని "ఆట" అంటే మన తరానికి చెడుగుడు, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్. ఆ తరువాతి తరానికి క్రికెట్. అలాంటప్పుడు మన స్వర్ణోత్సవ సంచికలో రగ్బీ సంగతి ఎందుకని మిత్రులు అడగవచ్చు. కారణం ఒక్కటే. ఒక బడి పేరునే తన పేరుగా పెట్టుకున్న ఆట అది. ఆ బడి పిల్లలు దానికి నియమాలు రాశారు. ఆ బడి పూర్వ విద్యార్థులు దానిని విశ్వవిద్యాలయాలకు, అక్కడినుంచి దేశదేశాలకు మోసుకుపోయారు. పూర్వ విద్యార్థులు తలచుకుంటే ఏం చేయగలరో, ఎక్కడ పొరపాటు పడగలరో కూడా ఆ ఆట చరిత్రలో కనిపిస్తుంది. ఏభై ఏళ్ళు నిండిన మన సంఘానికి ఆ రెండూ తెలియడం మంచిది.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చు. పక్కవాడికి అందించవచ్చు గాని, చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలి. బంతి పట్టుకున్నవాడిని ఎదుటి జట్టువారు ఒడిసి పట్టి పడవేయవచ్చు. చెడుగుడులో కూతకు వచ్చినవాడిని పట్టినట్లే అనుకోండి. ఎదుటివారి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దానిని "ట్రై" అంటారు. ట్రై అంటే ప్రయత్నం. తొలినాళ్ళలో దానికి పాయింట్లే లేవు. గోలు కొట్టడానికి ఒక ప్రయత్నం చేసుకొనే హక్కు మాత్రమే దక్కేది. నేడు దానికి 5 పాయింట్లు.

ఒక బడి, ఒక కట్టుకథ

ఇంగ్లండులో వార్విక్‌షైర్ అనే జిల్లాలో రగ్బీ ఒక ఊరు. అక్కడి పాఠశాలను 1567లో స్థాపించారు. 1823లో విలియం వెబ్ ఎలిస్ అనే విద్యార్థి కాలితో తన్నవలసిన బంతిని చేత పట్టుకొని పరుగెత్తాడనీ, ఆ క్షణాన రగ్బీ పుట్టిందనీ ప్రసిద్ధమైన కథ. ప్రపంచ కప్పుకు నేటికీ ఆయన పేరే ఉంది. అయితే ఈ కథ మొదట అచ్చయినది 1876లో. అప్పటికి ఎలిస్ చనిపోయి నాలుగేళ్ళయింది. రాసిన మాథ్యూ బ్లాక్సమ్ ఆ బడిలోనే చదివినవాడు గాని, కళ్ళారా చూసినవాడు కాదు.

1895లో ఆ బడి పూర్వ విద్యార్థుల సంఘం ఈ కథ నిజమో కాదో తేల్చడానికి ఒక విచారణ సంఘాన్ని వేసింది. బతికివున్న పాత విద్యార్థులకు ఉత్తరాలు రాశారు. 1834లో బడిలో చేరిన నవలా రచయిత థామస్ హ్యూస్, తన కాలంలో ఆ కథ ఎవరి నోటా వినలేదన్నాడు. చూశామని చెప్పినవారు ఒక్కరూ దొరకలేదు. సంఘటన జరిగిందన్న కాలానికీ విచారణకూ మధ్య డెబ్బై రెండేళ్ళు గడిచాయి. సాక్షులంతా పోయాక సాక్ష్యం అడిగారు. అయినా బడి గోడకు ఎలిస్ పేరిట శిలాఫలకం పెట్టేశారు.

ఆధారమున్న చరిత్ర వేరే ఉంది. 1845 ఆగస్టులో ముగ్గురు పెద్ద తరగతి విద్యార్థులు కూర్చొని ఆట నియమాలు రాసి అచ్చువేయించారు. ఆ ఆటకు అచ్చయిన మొదటి నియమావళి అదే. ఉపాధ్యాయులు రాసింది కాదు, పిల్లలు రాసుకున్నది. ఆ ముగ్గురిలో ఒకడు విలియం డెలాఫీల్డ్ ఆర్నాల్డ్, ఆ బడి ప్రధానోపాధ్యాయుడిగా పేరుగన్న థామస్ ఆర్నాల్డ్ కుమారుడు. తరువాత ఆయన మన దేశం వచ్చి పంజాబులో ప్రజా విద్యాశాఖకు డైరెక్టరుగా పనిచేశాడు. 1859లో స్వదేశానికి తిరిగి వెళ్తూ దారిలోనే జిబ్రాల్టర్‌లో కన్నుమూశాడు.

విశ్వవిద్యాలయాల చేతికి వచ్చాక

బడి దాటిన పిల్లలు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల్లో చేరారు. ఒక్కొక్క బడిది ఒక్కొక్క పద్ధతి కావడంతో అక్కడ కలిసి ఆడాలంటే తగవులే. 1871 జనవరి 26న లండన్‌లో 21 క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను స్థాపించారు. అందరికీ ఒకే నియమావళి రాసే పని ముగ్గురు న్యాయవాదులకు అప్పగించారు. ముగ్గురూ రగ్బీ పాఠశాల పూర్వ విద్యార్థులే. ఎదుటివాడి ముంగాళ్ళ మీద బూటుతో తన్నే పాత అలవాటును వారు నిషేధించారు.

మరుసటి ఏడాది, 1872 ఫిబ్రవరి 10న, ఆక్స్‌ఫర్డ్‌లో రెండు విశ్వవిద్యాలయాలూ మొదటిసారి తలపడ్డాయి. ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. ఆ మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలో ఆడారు. ఆపైన ఎవరి ఊరూ కాకుండా పోటీ లండన్‌కు మారింది. 1887 నుంచి క్వీన్స్ క్లబ్ మైదానంలో, 1921 నుంచి ట్వికెన్‌హామ్‌లో ఏటేటా జరిగింది.  "వర్సిటీ మ్యాచ్" అని పేరుపడ్డ ఈ పోటీలో ఆడినవాడికి "బ్లూ" అనే గౌరవం దక్కుతుంది. జీవితాంతం పేరు పక్కన చెప్పుకొనే గౌరవం అది.

ఈ విద్యార్థులు ఆడి ఊరుకోలేదు, ఆటనే మార్చారు. మొదట జట్టుకు ఇరవైమంది. అంతమంది ఒకచోట గుమిగూడి తోసుకుంటుంటే బంతి ఎక్కడుందో ఆడేవాడికే తెలిసేది కాదు, ఇక చూసేవాడికేం తెలుస్తుంది? 1875 వర్సిటీ మ్యాచ్‌ను పదిహేనుమందితో ఆడారు. రెండేళ్ళకు, 1877లో, దేశాల మధ్య జరిగే పోటీలూ ఆ లెక్కకే వచ్చాయి. నేటికీ అదే లెక్క. 1880ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్ కెప్టెన్ హ్యారీ వసల్, ఒకరినుంచి ఒకరికి బంతి అందిస్తూ మైదానమంతా పరచుకొని ఆడడం తన జట్టుకు నేర్పాడు. అంతవరకు కాడికి కట్టిన ఎడ్ల బలంతో సాగిన ఆటలోకి ఎత్తుగడ వచ్చింది.

ఆటగాళ్ళలో ఇద్దరిని తలచుకోవాలి. రోనాల్డ్ పౌల్టన్ పామర్ రగ్బీ పాఠశాలలోనే చదివాడు. 1909 వర్సిటీ మ్యాచ్‌లో ఆక్స్‌ఫర్డ్ తరఫున ఒక్కడే ఐదు ట్రైలు సాధించాడు. 1914లో ఇంగ్లండు జట్టుకు నాయకుడు. 1915 మే 5న బెల్జియం యుద్ధరంగంలో తుపాకి గుండుకు బలయ్యాడు. రెండవవాడు అలెగ్జాండర్ ఒబోలెన్‌స్కీ. రష్యా విప్లవకాలంలో చంటిబిడ్డగా ఇంగ్లండు చేరిన రాజవంశీకుడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగానే, 1936 జనవరి 4న, న్యూజిలాండ్ మీద ఇంగ్లండు తరఫున రెండు ట్రైలు చేసి దేశాన్ని ఊపేశాడు. ఇంగ్లండు 13-0తో గెలిచింది. 1940 మార్చిలో యుద్ధవిమాన శిక్షణలో ప్రమాదం జరిగి మరణించాడు. ఇద్దరికీ ముప్పై ఏళ్ళు నిండలేదు. వారు ఏ రోజున ఎవరి మీద ఏం చేశారో ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే, ఆ విద్యాసంస్థలు ప్రతి ఆట వివరాన్నీ రాసి దాచబట్టే.

కలకత్తా వెండి రూపాయలు

మన దేశానికి ఈ ఆట తొందరగానే వచ్చింది. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇంగ్లండువారు ఒక వైపు, స్కాట్లండు, ఐర్లండు, వేల్స్ వారు మరో వైపు, ఇరవై ఇరవైమంది చొప్పున ఆడారు. మరుసటి నెలలో రగ్బీ పాఠశాల పూర్వ విద్యార్థులు చొరవ తీసుకొని కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్‌ను స్థాపించారు. నాలుగైదేళ్ళు బాగానే నడిచింది. తరువాత ఎండలు, సైనికుల బదిలీలు, పోలో, టెన్నిస్ మోజు అన్నీ కలిసి దెబ్బతీశాయి. సభ్యులకు ఉచితంగా పోసే మద్యం ఆపేసేసరికి సగం మంది రావడం మానేశారని కూడా చెబుతారు!

క్లబ్బు మూతపడే దశలో బ్యాంకులో కొంత సొమ్ము మిగిలింది. విందు చేసుకొని ఖర్చుపెట్టవచ్చు, తలా కాస్త పంచుకోవచ్చు. వారు ఆ పని చేయలేదు. 1878లో ఖాతాలోని సొమ్మును 270 వెండి రూపాయలుగా తీసి, కరిగించి, కలకత్తా కంసాలుల చేత ఒక కప్పు చేయించారు. దాని మూడు పిడులూ మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. దానిని లండన్‌లోని యూనియన్‌కు పంపారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఆ కప్పుకోసమే ఏటా పోటీపడుతున్నాయి. క్లబ్బు బతికింది ఐదేళ్ళు. కప్పు వయసు నూట నలభై ఐదేళ్ళు దాటింది. మన రూపాయి వెండి, మన కంసాలి పనితనం అందులో ఉన్నాయి.

తలుపు మూసిన పొరపాటు

ఇంతవరకు మెచ్చుకోదగిన చరిత్ర. మెచ్చుకోరానిది కూడా ఉంది. ఉత్తర ఇంగ్లండులో గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కూలీలు ఈ ఆటను ఎంతో ఇష్టంగా అందుకున్నారు. పనిమాని ఆడితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి మాత్రం ఇప్పించండని వారి క్లబ్బులు అడిగాయి. యూనియన్ పెద్దల్లో ఎక్కువమంది పేరున్న బడుల్లో, విశ్వవిద్యాలయాల్లో చదివిన కలిగినవారు. ఆటకు డబ్బు ముట్టకూడదని వారి సిద్ధాంతం. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ పూట కూలి అక్కరలేనివారికి ఆ సిద్ధాంతం సులువు. 1895 ఆగస్టు 29న ఉత్తరాది క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి. ఒక ఆట రెండయింది. విడిపోయినవారిది రగ్బీ లీగ్, మిగిలినవారిది రగ్బీ యూనియన్. ఆటగాడికి డబ్బు ఇవ్వవచ్చునని యూనియన్ ఒప్పుకోవడానికి సరిగ్గా నూరేళ్ళు, అంటే 1995 ఆగస్టు వరకు, పట్టింది.

మన చెడుగుడు సంగతి

ఈ చరిత్రకు పక్కన మన ఆటను పెట్టి చూడండి. చెడుగుడు ఏ బడిలోనూ పుట్టలేదు. పంట కోసిన చేలల్లో, చెరువు గట్లమీద, వెన్నెల రాత్రుల్లో పెరిగింది. గోచీ బిగించి గీత గీస్తే చాలు, బంతి కొనే పని కూడా లేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా అమరావతి (మహారాష్ట్ర) వ్యాయామ మండలివారు దానిని ప్రపంచానికి ప్రదర్శించారు. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. అయితే ఆట నిలదొక్కుకున్నది విద్యాసంస్థల్లోకి వచ్చాకనే. 1961లో విశ్వవిద్యాలయాల క్రీడా మండలి, 1962లో పాఠశాలల క్రీడా సమాఖ్య కబడ్డీని తమ పోటీల్లో చేర్చాయి. 1990 బీజింగ్ ఆసియా క్రీడల నాటికి అది పతకాల ఆట అయింది, స్వర్ణం మనదే.

మన ప్రాంతం పిల్లలకు దారి ఇలా ఉండేది. బడిలో డ్రిల్లు మాస్టారి కంట పడాలి. తాలూకా పోటీలు, జిల్లా పోటీలు ఆడాలి. కాలేజీలో చేరాక విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక కావాలి. మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1976 తరువాత నాగార్జున, 2008 తరువాత కృష్ణా విశ్వవిద్యాలయం. విశ్వవిద్యాలయం చొక్కా వేసుకొని పొరుగు రాష్ట్రానికి ఆడటానికి పోవడమంటే మెట్ట పల్లెలో పుట్టినవాడికి అదే "బ్లూ". ఆ చొక్కా వల్ల పోలీసు, రైల్వే ఉద్యోగాల తలుపులు తెరుచుకునేవి. ఆ దారిలో సగంలో ఆగిపోయినవారు ఎక్కువమంది ఆట రాక ఆగలేదు. బస్సు ఛార్జీకి లేక, మిరపకోతల్లో ఒక మనిషి కూలి వదులుకోలేక ఆగారు. హడర్స్‌ఫీల్డ్ గని కార్మికుడి బాధా ఇదే.

రగ్బీ కూడా ఇప్పుడు కలిగినవారి ఆటగా మిగలలేదు. 2007లో భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు చెందిన గిరిజన బాలురు లండన్ వెళ్ళి పద్నాలుగేళ్ళలోపు పాఠశాలల అంతర్జాతీయ పోటీ గెలిచి వచ్చారు. వారికి ప్రతిభ ముందునుంచీ ఉంది. తిండి, బడి, బంతి, ప్రయాణం ఒకరు పూచీపడితే అది బయటపడింది.

మనం చేయవలసినవి

కనుక సంఘ సభ్యుల ముందు మూడు మాటలు ఉంచుతున్నాను.

మొదటిది, సాక్షులు ఉండగానే చరిత్ర రాయాలి. మన బడి తరఫున జిల్లాకు, విశ్వవిద్యాలయానికి ఆడినవారిలో పెద్ద తరం ఇంకా మన మధ్య ఉన్నారు. వారి పేరు, ఆడిన ఏడాది, జట్టు, ఆడినచోటు ఒక రిజిస్టరులో ఎక్కించాలి. డెబ్బై రెండేళ్ళ తరువాత ఉత్తరాలు రాసే పని పెట్టుకోవద్దు.

రెండవది, స్వర్ణోత్సవాల ఖర్చు పోను మిగిలే సొమ్ముతో నిలిచేది ఒకటి చేయాలి. జగ్గయ్యపేట, నందిగామ మధ్య ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం. ఉన్నత పాఠశాలల మధ్య ఏటా ఒకే రోజున, ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ, బాలురకూ బాలికలకూ కబడ్డీ పోటీ పెడదాం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పోటీ కూడా మొదట ఒక మధ్యాహ్నపు ఆటే.

మూడవది, ఆ పోటీకి ఎంపికైన పిల్లల ప్రయాణ ఖర్చు, తిండి, బూట్లు సంఘమే భరించాలి. కూలి పనులకు పోయే ఇంటి పిల్లలైతే ఆ రోజు కూలి కూడా ఇంటికి ముట్టజెప్పాలి. ఇది దానమని ఎవరూ అనుకోనక్కరలేదు. ఆ పిల్లలు మన బడి పేరు మోస్తున్నారు, ఆ బరువుకు మనం ఇచ్చే వంతు ఇది.

ఈ మూడింటికీ ముందు మన ఆటస్థలం మిగలాలి. దానికి హద్దురాళ్ళు సరిచూసి ప్రహరీ పూర్తిచేయించే తీర్మానాన్ని ఈ స్వర్ణోత్సవ సర్వసభ్య సమావేశంలోనే ఆమోదించాలని మనవి.