సూళ్లూరుపేటలో ఇంటికప్పు ఖర్చు

పులికాట్ సరస్సు చేరువన గల సూళ్లూరుపేట ప్రాంతములో పూర్వము పేదలు ఇండ్లకు తాటాకు కప్పెడివారు. ఆకు చవకే, కాని కొన్నేండ్లకే చివికిపోవును, మరల కప్పవలెను.

1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల కర్మాగారము స్థాపించిరి. మనవారు బెంగుళూరు పెంకులనెడివి ఈ జాతివే! ఒక్కొక్కటి 2 కిలోలకు పైగా తూగును. చదరపు మీటరుకు సుమారు 15 కావలెను. తాటాకును మోసిన వెదుళ్లు ఈ 30 కిలోలకు మించిన బరువును మోయజాలవు. కావున వాసములు, దూలములు, ఒక్కొక్కప్పుడు గోడలు కూడ మార్చవలసి వచ్చును. అసలు ఖర్చు పెరుగునది అక్కడనే. వాలును మరువరాదు: 30 డిగ్రీల వాలుకప్పు వైశాల్యము, దాని క్రింది నేలకంటె సుమారు 15 శాతము హెచ్చు.

1984 నవంబరులో శ్రీహరికోట తీరమును తుఫాను తాకినది. అట్టి పెనుగాలి కప్పును పైకి లాగును. తేలిక కప్పు వాసముల ఖర్చు తగ్గించినను, గోడలకు బిగించు కట్ల ఖర్చు పెంచును.