పటంలో లేని జిల్లా

ఇంగ్లండ్‌లోని హారోలో ఉండే మా అక్క ఒకసారి తన చిరునామా పంపింది. చివర్లో 'మిడిల్‌సెక్స్' అని ఉంది. క్రికెట్ పుణ్యమా అని విన్న పేరే. పటంలో వెతికితే అలాంటి కౌంటీ కనబడలేదు. ఫోన్ చేసి అడిగా. "ఏమోరా, ఇక్కడ చానామంది అట్లనే రాస్తరు" అంది.

1965 ఏప్రిల్ 1న గ్రేటర్ లండన్ ఏర్పడినప్పుడు మిడిల్‌సెక్స్ పాలనాపరంగా రద్దయింది. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా అనుకోండి. చాలా భాగం లండన్‌లో కలిసింది, కాస్త సర్రేకీ, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌కీ పోయింది. కానీ క్రికెట్‌లోనే కాదు, చదరంగంలో కూడా మిడిల్‌సెక్స్ జట్టు ఇప్పటికీ ఆడుతోంది! చెస్ పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి అక్కడ ఆగిపోయాను.

ఇంగ్లండ్‌లో కౌంటీల మధ్య చెస్ పోటీలు 19వ శతాబ్దంలోనే మొదలయ్యాయి. రైళ్ళు వచ్చాక శనివారం మధ్యాహ్నం పక్క కౌంటీకి వెళ్ళి ఆడి రాత్రికి ఇల్లు చేరడం సాధ్యమైంది. లాంకషైర్, యార్క్‌షైర్‌ల మధ్య పాత పంతం బోర్డుల మీదికీ పాకింది. 1892లో దక్షిణ కౌంటీలు ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1904లో బ్రిటిష్ చెస్ ఫెడరేషన్ పుట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే దేశమంతటికీ కలిపి కౌంటీ చాంపియన్‌షిప్ వచ్చింది.

ప్రధాన విభాగంలో జట్టుకు పదహారు మంది. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర. ఎనిమిది దాటిస్తే మ్యాచ్ మనదే. మొదటి బోర్డు మీద మాస్టరు సాధించే పాయింటు ఎంతో, పదహారో బోర్డు మీద ఓ బడిపంతులు తెచ్చే పాయింటూ అంతే. చెస్ ఒంటరి ఆట అంటారు కదా, ఇక్కడ మన ఆట అయిపోయాక కూడా పక్క బోర్డులవైపు చూస్తూ గుండె గుబగుబలాడాల్సిందే. ఒకప్పుడు టైమయ్యేసరికి ఆట తెగకపోతే, ఆ స్థితిని ఒక నిపుణుడికి పంపి తీర్పు అడిగేవాళ్ళు. గెలిచామో ఓడామో తెలియకుండానే రైలెక్కిన రోజులుంటాయి.

1974లో పటం మళ్ళీ మారింది. యార్క్‌షైర్‌ను ముక్కలు చేశారు, చెస్‌లో మాత్రం అది ఒకే జట్టుగా నిలిచింది. కొత్తగా పుట్టిన గ్రేటర్ మాంచెస్టర్ తన పేరుతోనే జట్టు పెట్టుకుంది. 1986లో ఆ కౌంటీ కౌన్సిల్‌నూ రద్దు చేశారు, జట్టు పోలేదు. అంటే ఇదంతా పాత పేర్ల మీద మోజేనని కొట్టిపారేయలేం. పేరు పాతదైనా కొత్తదైనా, దాన్ని ఆడేవాళ్ళే మోస్తున్నారు. కౌంటీ చెస్ సంఘాలు ప్రభుత్వం పెట్టినవి కావు. హాలు వెతకడం, పదహారు మందిని పోగుచేయడం, చివరి నిమిషంలో ఎగ్గొట్టినవాడి బదులు ఇంకొకణ్ణి బతిమాలడం, అన్నీ జీతం లేని కెప్టెన్ పనులే.

మాది మానుకోట. బళ్ళో చదివేటప్పుడు వరంగల్ జిల్లా జట్టులో నాలుగో బోర్డు నాది. ములుగువాడొకడు, జనగామవాడొకడు, హనుమకొండవాడొకడు, నేను. 2016 తర్వాత మా నలుగురివీ వేర్వేరు జిల్లాలు. ఆఫీసు దగ్గరవడం మంచిదే, మా అమ్మ పింఛను పనికి ఇప్పుడు వరంగల్ బస్సెక్కక్కర్లేదు. ఆ సుఖాన్ని కాదనను. కానీ ఆ జట్టు ఏమైంది? జీవో దాన్ని రద్దు చేయలేదు. మేమే ఒకరికొకరం ఫోన్ చేసుకోవడం మానేశాం.

మొన్న జనగామవాడి నంబరు సంపాదించి ఫోన్ చేశా. "ఎవరూ?" అన్నాడు.

"నాలుగో బోర్డు" అన్నా.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "అరే, ఆ రోజు ఏనుగు ఊరికే పోగొట్టినవ్ గదరా!" అన్నాడు.