కాలువగట్టున వాక్యము

ఒంగోలు చెంతనున్న చిన్న గుట్టను ప్రార్థన కొండ యందురు. 1854 జనవరి 1వ తేదీ వేకువను లైమన్ జ్యూయెట్ అను అమెరికన్ బాప్టిస్టు మిషనరీయు, ఆయనతోడి కొలదిమందియు అచట మోకరించి, ఆ సీమకొక బోధకుని పంపుమని దేవుని వేడుకొనిరి. బోధకుడైన జాన్ క్లౌ 1866లోగాని ఒంగోలు చేరలేదు.

పదేండ్లకు ధాత కరువు వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో కొంతభాగము త్రవ్వించు కంట్రాక్టు పుచ్చుకొని వేలమందికి కూలి కల్పించెను. వారిలో మాదిగలు పెక్కుమంది. విరామవేళల బోధకులు వారికి మత్తయి సువార్త 11వ అధ్యాయములోని పిలుపును వినిపించెడివారు. ప్రయాసపడి భారము మోయువారిని యేసు తనకడకు రమ్మన్న పిలుపది. మట్టితట్ట నెత్తిన మోయువానికి దానికి వ్యాఖ్యానమేల?

అనేకులు బాప్తిస్మము కోరిరి. క్లౌ ఇయ్యలేదు. కూటికై మతము పుచ్చుకొనిరన్న నింద రాకూడదని యేడాదికి పైగా వారిని నిలిపియుంచెను. ఆయన జాగ్రత్త మెచ్చదగినదే. కాని ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే అనుదినాహారము కోరబడియుండగా, ఆకలిని భక్తినుండి వేరుచేయుట యెట్లో నాకు బోధపడదు.

కరువుపనులు ముగిసి కూలి నిలిచిపోయెను. అయినను జనము మరలిపోలేదు. 1878 జులై 3వ తేదీని వెల్లంపల్లికడ గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి, ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.