కలప దిగుమతిలో లెటర్ ఆఫ్ క్రెడిట్: సొమ్ముకు రక్షణ ఎంత, సరుకుకు భరోసా ఎంత?

భిలాయ్: సముద్ర తీరం లేని ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నప్పటికీ ఉక్కు నగరం భిలాయ్‌కి విదేశీ సరుకు కొత్త కాదు. 1955 ఫిబ్రవరిలో భారత్, సోవియట్ యూనియన్ల మధ్య కుదిరిన ఒప్పందంతో ఇక్కడి కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నేటికీ ఈ కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గులో అధిక భాగం విదేశాల నుంచి ఓడల్లో విశాఖపట్నం చేరి, అక్కడి నుంచి రైలు మార్గాన వస్తుంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఈ పట్టణంలో ఇళ్ల తలుపులకూ కిటికీలకూ వాడే కలపలోనూ విదేశీ చెక్క వాటా పెరిగింది.

ప్రభుత్వ రంగ సంస్థకు నష్టాన్ని తట్టుకొనే శక్తి ఉంటుంది. ఒక్క ఓడ సరుకు మీద ఏడాది పెట్టుబడి పెట్టే చిన్న కలప వర్తకుడికి ఆ వెసులుబాటు ఉండదు. ముఖం చూడని అమ్మకందారుకు ముందే సొమ్ము పంపాలా? సొమ్ము అందకుండా సరుకు పంపడానికి అవతలివారు ఒప్పుకొంటారా? ఈ చిక్కుముడికి అంతర్జాతీయ వర్తకం కనుగొన్న సమాధానమే లెటర్ ఆఫ్ క్రెడిట్. వాడుకలో దీనిని ఎల్‌సీ అంటారు. పరపతి పత్రమన్న పేరు కూడా ఉంది.

విదేశీ కలప ఎందుకు?

భిలాయ్ చుట్టూ అడవులకు కొదవ లేదు. బస్తర్ టేకు, సాల కలప పేరొందినవే. అయితే 1988 జాతీయ అటవీ విధానం అడవులను ప్రధానంగా ఆదాయ వనరుగా కాక పర్యావరణ సంపదగా చూడాలని నిర్దేశించింది. టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు చెట్ల నరికివేతపైనా, కోత మిల్లులపైనా కఠిన ఆంక్షలు విధించాయి. స్వదేశీ సరఫరా తగ్గడంతో మలేసియా, న్యూజిలాండ్, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల కలప మన అడితీలకు చేరడం మొదలైంది. గుజరాత్‌లోని కాండ్లా ఈ దిగుమతులకు ప్రధాన ద్వారం.

ఎగుమతి దేశాల విధానాలు కూడా మారుతూ వచ్చాయి. గాబన్ 2010లో, మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించాయి. ఒప్పందం కుదిరాక నిషేధం వస్తే ముందుగా చెల్లించిన సొమ్మును తిరిగి రాబట్టుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఎల్‌సీ ఉన్నచోట ఓడకెక్కినట్లు పత్రం రానిదే బ్యాంకు సొమ్ము కదలదు.

ఎలా పనిచేస్తుంది?

ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. భిలాయ్ వర్తకుడొకరు ఘనమీటరు 300 డాలర్ల చొప్పున 500 ఘనమీటర్ల కోత కలపకు ఒప్పందం చేసుకున్నారు. విలువ 1,50,000 డాలర్లు. ఆయనకు విదేశీ వాణిజ్య డైరెక్టర్ జనరల్ కార్యాలయం ఇచ్చే దిగుమతి, ఎగుమతి కోడ్ ఉండాలి. తన బ్యాంకుకు దరఖాస్తు చేసి, మార్జిన్ సొమ్ము, కమిషన్ చెల్లిస్తే బ్యాంకు ఎల్‌సీ జారీ చేస్తుంది. అది స్విఫ్ట్ సందేశ వ్యవస్థ ద్వారా అమ్మకందారు దేశంలోని బ్యాంకుకు చేరుతుంది. ఆ బ్యాంకు దాని ప్రామాణికతను నిర్ధారించుకొని అమ్మకందారుకు తెలియజేస్తుంది.

అమ్మకందారు కలపను ఓడకెక్కించి, బిల్ ఆఫ్ లేడింగ్, ఇన్వాయిస్, కొలతల జాబితా, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం వంటివి తన బ్యాంకుకు సమర్పిస్తారు. పత్రాలు షరతులకు సరిపోలితే జారీచేసిన బ్యాంకు సొమ్ము చెల్లించి తీరాలి. చూడగానే చెల్లించేది సైట్ ఎల్‌సీ. 90 రోజులు, 180 రోజుల వంటి గడువు ఇచ్చేది యూజెన్స్ ఎల్‌సీ. జారీచేసిన బ్యాంకుపైనా నమ్మకం చాలకపోతే, అమ్మకందారు మరో బ్యాంకు హామీని జోడించమని కోరవచ్చు. దానిని కన్ఫర్మ్‌డ్ ఎల్‌సీ అంటారు.

గడువు నాటికి వర్తకుడి ఖాతాలో సొమ్ము లేకపోయినా బ్యాంకు చెల్లింపు ఆగదు. ఆ మొత్తం వర్తకుడి పేరిట అప్పుగా మారి, వడ్డీ మొదలవుతుంది. ఎల్‌సీ తెరవడమంటే అప్పు బాధ్యతను నెత్తికెత్తుకోవడమేనన్న సంగతి మరవరాదు.

బ్యాంకు చూసేది కాగితాన్నే

ఈ వ్యవహారాలకు ప్రపంచవ్యాప్తంగా పాటించే నియమావళిని పారిస్ కేంద్రంగా గల అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందిస్తుంది. తొలి నియమావళి 1933లో వెలువడింది. విశాఖపట్నం ఓడరేవు లాంఛనంగా ప్రారంభమైనదీ ఆ ఏడాదే. ఇప్పుడు అమలులో ఉన్న యూసీపీ 600 అనే కూర్పు 2007 జులై 1 నుంచి వర్తిస్తోంది. ఇందులో 39 అధికరణాలున్నాయి.

వీటిలో 4, 5 అధికరణాలు కీలకం. ఎల్‌సీ అనేది కొనుగోలు ఒప్పందం నుంచి వేరైన స్వతంత్ర వ్యవహారమని మొదటిది చెబుతుంది. బ్యాంకులు పత్రాలతోనే వ్యవహరిస్తాయి తప్ప సరుకుతో కాదని రెండోది స్పష్టం చేస్తుంది. అంటే దుంగల్లో పుచ్చు ఉన్నా, తేమ ఎక్కువైనా, టేకు స్థానంలో నాసిరకం చెక్క వచ్చినా, కాగితాలు సరిగ్గా ఉంటే బ్యాంకు చెల్లిస్తుంది. కలప ఎలా ఉందో ఓడరేవుకు వెళ్లి చూసే బాధ్యత బ్యాంకుకు లేదు.

మోసానికి మాత్రం మినహాయింపు ఉంది. దీనికి పునాది వేసిన ప్రసిద్ధ తీర్పు 1941లో న్యూయార్క్ కోర్టు ఇచ్చింది. ఆ వివాదం మన దేశం నుంచి వెళ్లిన సరుకుకు సంబంధించినదే. లఖ్‌నవూకు చెందిన సంస్థ పంది వెంట్రుకలకు బదులు ఆవు వెంట్రుకలు, పనికిరాని చెత్త పెట్టెల్లో నింపి ఓడకెక్కించిందని కొనుగోలుదారు ఆరోపించారు. ఆరోపణ నిజమైతే అలాంటి మోసపూరిత పత్రాలపై చెల్లింపును అడ్డుకోవచ్చని కోర్టు పేర్కొంది. సరుకు నాణ్యత తగ్గడం వేరు, ఉద్దేశపూర్వక వంచన వేరు అన్న గీత అక్కడ ఏర్పడింది.

భారత సుప్రీంకోర్టు కూడా ఇదే బాటలో నడిచింది. సోవియట్ యంత్రాలు కొన్న మద్రాసు నిర్మాణ సంస్థ ఒకటి ఎల్‌సీ చెల్లింపును నిలిపివేయాలని కోరిన కేసులో, 1960ల చివర్లో న్యాయస్థానం అందుకు అంగీకరించలేదు. రద్దు చేయడానికి వీలులేని ఎల్‌సీలో జోక్యం చేసుకుంటే దేశ విదేశీ వాణిజ్యానికే విఘాతమని అభిప్రాయపడింది.

కలపకు ప్రత్యేకమైన చిక్కులు

పెట్టెల్లో వచ్చే సరుకుకు లేని సమస్యలు కలపకు ఉన్నాయి. మొదటిది కొలత. దుంగ చుట్టుకొలతను ఏ పద్ధతిలో కొలిచారన్న దానిపై ఘనపరిమాణం మారిపోతుంది. బెరడును కలిపారా, లేదా అన్నదీ ముఖ్యమే. ఎల్‌సీలో కొలత పద్ధతి రాయకపోతే ఓడరేవులో పేచీ తప్పదు. పరిమాణాన్ని ఘనమీటర్లలో చెప్పినప్పుడు, ఎల్‌సీ నిషేధించకపోతే, 5 శాతం హెచ్చుతగ్గులను 30వ అధికరణం అనుమతిస్తుంది. పై ఉదాహరణలో 475 నుంచి 525 ఘనమీటర్ల వరకు పంపవచ్చు. చెల్లింపు మాత్రం 1,50,000 డాలర్లు దాటరాదు. అదే దుంగల సంఖ్యలో చెబితే ఈ సడలింపు వర్తించదు. పరిమాణానికి ముందు ‘సుమారు’ అన్న మాట చేరిస్తే 10 శాతం వరకు వెసులుబాటు లభిస్తుంది.

రెండోది ఓడలో చోటు. దుంగలను ఓడ పైతట్టు మీద పేర్చడం పరిపాటి. సరుకును పైతట్టు మీద ఎక్కించినట్లు బిల్ ఆఫ్ లేడింగ్‌లో రాసి ఉంటే 26వ అధికరణం ప్రకారం బ్యాంకు దానిని తిరస్కరిస్తుంది. అలా ఎక్కించడానికి కొనుగోలుదారు సమ్మతిస్తే ఎల్‌సీలోనే అనుమతి రాయించి, తగిన బీమా చూసుకోవాలి. ఓడ మొత్తాన్ని అద్దెకు తీసుకున్నప్పుడు జారీ అయ్యే చార్టర్ పార్టీ బిల్లుకు కూడా ముందస్తు అనుమతి అవసరం.

మూడోది పురుగు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి కలపకు ఎగుమతి దేశపు ఆరోగ్య ధ్రువపత్రం, నిర్దేశించిన ధూమీకరణ లేదా ఇతర శుద్ధి తప్పనిసరి. ఈ పత్రాలను ఎల్‌సీ జాబితాలో చేర్చకపోతే బ్యాంకు అడగదు. సొమ్ము వెళ్లిపోయాక సరుకు క్వారంటైన్‌లో చిక్కుకుంటుంది.

గడువులు, తేడాలు

ఓడకెక్కించిన తర్వాత 21 రోజుల్లోపు, ఎల్‌సీ గడువు ముగియకముందే పత్రాలు సమర్పించాలి. వాటి పరిశీలనకు బ్యాంకుకు గరిష్ఠంగా 5 పనిదినాలు ఉంటాయి. సరుకు వివరణ, తేదీ, పరిమాణాల్లో తేడా కనిపిస్తే చెల్లింపు నిరాకరించవచ్చు. కొనుగోలుదారు అంగీకరిస్తే తేడాలను మన్నించవచ్చు కూడా. అయితే కలప ధర పడిపోయిన వేళ కొనుగోలుదారులు చిన్న తేడాను సాకుగా చూపే అవకాశముంది. అందుకే అమ్మకందారులు కాగితాల విషయంలో అంత జాగ్రత్త పాటిస్తారు.

కొన్నిసార్లు ఓడ ముందు చేరి, పత్రాలు వెనుక వస్తాయి. అప్పుడు బ్యాంకు హామీపై సరుకు విడిపించుకునే వీలుంది. అలా విడిపించుకున్నాక పత్రాల్లో తేడాలున్నాయని నిరాకరించడం ఆచరణలో కుదరదు.

పేర్ల సామ్యం వల్ల మరో అపోహ కలుగుతోంది. బ్యాంకు కుంభకోణం నేపథ్యంలో 2018 మార్చి 13న రిజర్వ్ బ్యాంకు నిలిపివేసినవి లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్, లెటర్ ఆఫ్ కంఫర్ట్ మాత్రమే. లెటర్ ఆఫ్ క్రెడిట్ యథావిధిగా కొనసాగుతోంది.

వర్తకుడు చేయగలిగింది

నాణ్యతకు రక్షణ కావాలంటే దానిని పత్రం రూపంలోకి మార్చాలి. జాతి, శ్రేణి, తేమ శాతం, కొలత పద్ధతిని స్వతంత్ర తనిఖీ సంస్థ ఓడకెక్కించే ముందు ధ్రువీకరించాలన్న షరతును ఎల్‌సీలో రాయించుకోవాలి. ఆ సంస్థ పేరును కొనుగోలుదారే సూచించడం మేలు. ‘మేలైన కలప’ వంటి అస్పష్ట పదాలకు బదులు కొలవదగిన అంశాలు ఉండాలి. పత్రంతో ముడిపడని షరతును బ్యాంకు లెక్కలోకి తీసుకోదు.

సొమ్ము చేరేలోగా సరుకు ఓడకెక్కిందన్న భరోసా ఎల్‌సీ ఇస్తుంది. ఆ సరుకు ఎలాంటిదన్న భరోసా మాత్రం దరఖాస్తు నాడు వర్తకుడు రాయించుకున్న షరతుల నుంచే రావాలి.